దొంగల ఓడలో కుట్టుపని

నేను సముద్రపు దొంగలకు ఆత్మకథలు రాసిపెట్టాను. ఉద్యోగరీత్యా రాశాను, జీతం తీసుకుని రాశాను, బాగా రాశాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో కలకత్తా సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాను. విదేశంలో ఒక సంస్థ సముద్రపు దొంగల సాహసాల మీద వరసగా కంప్యూటర్ ఆటలు తెచ్చేది. అందులో కొంత పని మాకు వచ్చేది. ఆటను మొదటినుంచి చివరిదాకా ఆడి, ఎక్కడ ఆగిపోతోందో, ఎక్కడ మనిషి గోడలోంచి నడిచిపోతున్నాడో పట్టుకుని చెప్పడం నా వంతు.

మూడో ఆట పూర్తికావస్తుండగా, డబ్బాలో సీడీతో పాటు ఒక చిన్న పుస్తకం కూడా పెట్టాలని ఆ సంస్థవాళ్లు అనుకున్నారు. ఆటలో ఉండే మనుషులే తమ జ్ఞాపకాలు రాసుకున్నట్టుగా ఉండాలట. కెప్టెన్‌వి, ఫిరంగులు పేల్చేవాడివి, దారి చూపే నావికుడివి, వాళ్ల వెంటపడే గవర్నరువి. మా టీముకు పెద్ద ఒక బెంగాలీ ఆయన, అందరం దాదా అని పిలిచేవాళ్లం. ఎవరు రాస్తారని ఆయన అడిగితే నేను చెయ్యెత్తాను. ఇదివరకు ఏమైనా రాశావా అన్నారు. లేదు, కానీ ఇవి రాయగలను అన్నాను.

ఆ ధీమా మా చర్చి ఇచ్చింది. మాది ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్, నాన్న డాక్‌లో పనిచేసేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మాలాంటి కుటుంబాలు కొన్ని కలిసి ఒక అద్దె గదిలో తెలుగు ఆరాధన జరుపుకునేవి. ఆదివారం ఎవరో ఒకరు లేచి సాక్ష్యం చెప్పేవారు, అంటే దేవుడు తమ బతుకును ఎలా మార్చాడో అందరి ముందూ చెప్పడం. తాగుడు మానేసిన ఒకాయన పాత తాగుడు గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతులో కాస్త గర్వం పలికేది. భర్త పోయిన ఒకావిడ భర్త గురించి ఒక్క మాట అని, ఆ రోజు పడిన వాన గురించి చాలాసేపు చెప్పేది. మనిషి తన కథ తాను చెప్పుకునేటప్పుడు ఎక్కడ సాగదీస్తాడో, ఎక్కడ దాటేస్తాడో చిన్నప్పటినుంచీ విని విని నాకు తెలిసిపోయింది.

అందుకే ఆ నలుగురివీ తొందరగానే అయిపోయాయి. కెప్టెన్ చేత గొప్పలు చెప్పించాను. ఫిరంగుల మోతకు చెవులు పోయినవాడి చేత వాసనల గురించి రాయించాను. నావికుడు పొడిపొడిగా మాట్లాడాడు. గవర్నరు తిండి గురించీ ఎండ గురించీ సణిగాడు. అవన్నీ చూసి దాదా తృప్తిపడ్డారు. అప్పుడు ఐదోది కూడా రాస్తానన్నాను.

ఎవరిదని అడిగారు ఆయన. తెరచాపలు కుట్టే ఆమెది అన్నాను. ఆటలో అలాంటి మనిషే లేదు కదా అన్నారు. ఆ మాట నిజమే. కానీ ప్రతి యుద్ధంలోనూ తెరచాపలు చిరిగిపోతాయి, తర్వాతి దృశ్యానికి మళ్లీ బాగైపోతాయి. అన్ని నెలలపాటు ఆ ఆట ఆడినదాన్ని, ఎవరు కుడుతున్నారో నేను అడక్కపోతే ఎవరడుగుతారు? పుస్తకంలో చోటు లేదని ఆయన చెప్పారు. రాసుకో, పంపాలో వద్దో తర్వాత చూద్దాం అన్నారు.

ఆ వారంలోనే బంద్ వచ్చింది. బస్సుల్లేవు, రోడ్డు మీద పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. ఇంట్లో కూర్చుని రాశాను. అమ్మ పక్కనే మిషను కుడుతోంది. మెటియాబ్రుజ్ దర్జీ కార్ఖానా నుంచి చిన్నపిల్లల గౌన్లు తెచ్చుకుని ఇంట్లో కుట్టిచ్చేది. అమ్మకు ఇంగ్లీషు రాదు కాబట్టి, రాసింది తెలుగులో చెప్పుకుంటూ పోయాను. ఒక రేవు పట్నాన్ని దోచినప్పుడు దొంగలు ఈమెను పట్టుకుపోతారు. ఏళ్ల తరబడి ఓడలో తెరచాపలు కుడుతుంది. చివరికి కెప్టెన్ ఏదో తెలియని ఊళ్లో ఆమెను దించేసి వెళ్లిపోతాడు. ఆమె ఒడ్డున నిలబడి, దూరమైపోతున్న ఓడను చూస్తూ ఏడుస్తుంది. అదీ నా ముగింపు.

అమ్మ మిషను ఆపింది.

"ఏటి, ఏడుస్తాదా? దేనికి?"

"అన్నేళ్లు అందులో ఉంది కదమ్మా."

"ఉంటే? పని సేసింది, తిండి తింది. దిగినాక ఓడేపు సూడదు, ఊరేపు సూస్తాది. ఎవుడి బట్ట సిరిగింది, తనకిక్కడ పని దొరుకుద్దా అని సూస్తాది."

చదివేవాళ్లకు కన్నీళ్లు కావాలమ్మా అన్నాను. అమ్మ దారం కొరికి, మళ్లీ సూదిలోకి ఎక్కిస్తూ చెప్పింది.

"మేం మొదట హౌరాలో దిగినప్పుడు నాను ఏడవలేదు. మీ నాన్న ఏడ్సినాడు."

ఆ సంగతి నాకు అంతవరకూ తెలియదు. నాన్న ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఇంకేమైనా చెబుతుందేమోనని చూశాను గానీ అమ్మ గౌను అంచు మడతపెట్టే పనిలో పడిపోయింది. సాయంత్రంలోగా ముగింపు మార్చేశాను. ఆమె ఒడ్డున దిగుతుంది, భుజం దగ్గర చొక్కా చిరిగిన జాలరి ఒకడు కనిపిస్తాడు, ఊళ్లో సూదీ దారం ఎక్కడ దొరుకుతాయని అతన్ని అడుగుతుంది. అంతే. గవర్నరును ఉరితీయించమని కూడా అమ్మ చెప్పింది, అది మాత్రం వినలేదు. నాలుగో ఆటలో అతనితో పని ఉంది.

దాదా చదివి, మిగతా నాలుగింటితో కలిపి పంపించేశారు. కొన్నాళ్లకు విదేశం నుంచి ఆ ఆటల బాధ్యత చూసే పెద్దమనిషి ఫోన్ చేశాడు. ఐదోది తనకు అన్నిటికన్నా నచ్చిందనీ, మిగతా నాలుగూ అదే నెమ్మదైన ధోరణిలో తిరగరాయమనీ అడిగాడు. కుదరదన్నాను. దాదా బల్లకింద నా కాలు తొక్కారు.

"కెప్టెన్ అబద్ధాలకోరు, ఆమె కాదు. ఇద్దరి చేతా ఒకేలా మాట్లాడిస్తే ఇద్దరూ చచ్చిపోతారు," అన్నాను.

కెప్టెన్ ఎక్కడ అబద్ధమాడాడని అడిగాడు. తుపానులో ఓడను ఒంటిచేత్తో కాపాడానన్న చోట అని చెప్పాను. నావికుడి జ్ఞాపకాల్లో అదే రోజు ఆకాశం నిర్మలంగా ఉంటుంది. అతను అది గమనించలేదట. కాగితాలు తిరగేసిన చప్పుడయింది, తర్వాత పెద్దగా నవ్వాడు. ఐదూ నేను రాసినవి రాసినట్టే అచ్చయ్యాయి. నాలుగో ఆటనాటికి నన్ను రాసే పనిలోకి మార్చారు. తెరచాపలు కుట్టే ఆమె ఆ ఆటలో మనిషిగా వచ్చింది.

పుస్తకం వచ్చిన కొన్ని నెలలకు మౌసు కొనుక్కుందామని మా కలకత్తా చాందినీ చౌక్ బజారుకు వెళ్లాను. ఫుట్‌పాత్ మీద దొంగ సీడీలు అమ్మే ఒకతని దగ్గర మా ఆట కూడా ఉంది. పుస్తకం కూడా ఉందా అని ఊరికే అడిగాను. కింద నుంచి జిరాక్స్ కాగితాల కట్ట తీశాడు.

"ఇది లేకపోతే ఎవరూ తీసుకోవడం లేదు దీదీ. ఆ కుట్టుపని ఆవిడ కథ చదివారా?" అన్నాడు బెంగాలీలో.

అది రాసింది నేనే అన్నాను. సరే దీదీ అని, ఇంకో బేరం వైపు తిరిగాడు. కాగితాలు తిప్పి చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, జిరాక్స్ సరిగా పడక చివరి పేజీలో అడుగు వరసలు ఎగిరిపోయాయి. జాలరి వస్తాడు, ఆమె నోరు తెరుస్తుంది, ఆ కింద కాగితం ఖాళీ. కథ అలా తెగిపోయి జనం చేతికి వెళ్తోందంటే ఊరుకోలేకపోయాను. మిగతా కాపీలు ఏ జిరాక్స్ నుంచి తీస్తున్నావో అది ఇయ్యమన్నాను. అతను అనుమానంగానే ఇచ్చాడు. అతని పెన్ను తీసుకుని, పోయిన వరసలన్నీ గుర్తున్నవి గుర్తున్నట్టు అడుగున ఖాళీలో రాసిచ్చాను. అతను ఒకసారి చదివాడు, నా ముఖం చూశాడు, కూర్చోవడానికి స్టూలు జరిపి, టీ తెమ్మని పక్క దుకాణానికి కేకేశాడు.

మర్నాడు ఆఫీసులో ఈ సంగతి చెబితే దాదా కళ్లజోడు తీసి నుదురు రుద్దుకున్నారు. మన ఆటను దొంగతనంగా అమ్మేవాడికి నువ్వే ప్రూఫులు దిద్ది వచ్చావన్నమాట అన్నారు. అవునన్నాను. అక్షరదోషాలు లేకుండా రాశావు కదా అని అడిగారు. రాశానన్నాను.