రెండో రోజు నడక

ఇవాళ మా ఇల్లంతా వెల్లుల్లి, వాము వేసి కాచిన నువ్వుల నూనె వాసన. ముందు గదిలో దివాన్ మీద మా అమ్మాయి అక్షయ కాళ్లు చాపుకుని, మొహం గోడవైపు తిప్పుకుని పడుకుంది. మా అమ్మ దాని పక్కన కూర్చుని పిక్కలకూ తొడలకూ ఆ నూనె పట్టిస్తోంది. నూనె కాచవలసి వచ్చిందంటే కారణం నేనే. నిన్న చేసింది ఒక తప్పు, ఈ పొద్దున చేసింది ఇంకో తప్పు. రెండింటిలో పొద్దునదే పెద్దది. నిన్న డాబా మీద నిలబెట్టి, పదిహేనేళ్ల పిల్లతో, అది కూలబడేదాకా కూర్చుని లేచే బైఠక్‌లు తీయించాను. పొద్దున అది గోడ పట్టుకుని, కాళ్లు ఎడంగా వేసుకుంటూ మెట్లు దిగుతుంటే "బాతు వచ్చింది" అని నవ్వాను.

ఇవాళ సాయంత్రమే అది జిమ్‌లో చేరాలి. ఇప్పుడేమో గోడకేసి చూస్తూ, "నేను పోను. నాతోని గాదు," అంటోంది.

బరువులు ఎత్తాలన్న కోరిక దానికి ఎవరో పెట్టింది కాదు, దానంతటదే కలిగింది. మెదక్ బస్టాండ్ వెనక మేడ మీద ఒక జిమ్ ఉంది. సాయంత్రం పూట ఆడపిల్లలకు మాత్రమే, నేర్పేది నర్సాపూర్ నుంచి బస్సులో వచ్చే ఒక యువతి. చేరాలని అనుకున్నాక, ఏ పద్ధతిలో మొదలుపెట్టాలా అని అక్షయ వేసవి సెలవులన్నీ ఆలోచించింది. ఫోన్‌లో చూసింది ఒకటి: వారానికి ఆరు రోజులు, ఒక రోజు ఛాతీ, ఒక రోజు భుజాలు, మా వీధి కుర్రాళ్లంతా చేసేది అదే. జిమ్ మేడం చెప్పింది ఇంకొకటి: వారానికి మూడే రోజులు, మధ్యలో ఒక్కో రోజు విశ్రాంతి, రాడ్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం, తలపైకి నెట్టడం, నేల మీంచి ఎత్తడం, అంతే. స్కూలు తెరిచాక అది పీఈటీ సారును అడిగింది, పైతరగతి అక్కలను అడిగింది, చివరికి మా అమ్మను కూడా అడిగింది.

"నాయనమ్మా, నువ్వు గడ్డిమోపు రోజూ మోస్తుంటివా, రోజు ఇడిసి రోజా?"

"బర్రె రోజు ఇడిసి రోజు తింటదా బిడ్డా?" అంది మా అమ్మ.

ఇద్దరూ నవ్వుకున్నారు. అయినా అక్షయ చివరికి మూడు రోజుల పద్ధతినే ఎంచుకుంది. మొన్న రాత్రి అన్నం తింటూ కారణాలు కూడా చెప్పింది: మధ్య రోజుల్లో ట్యూషన్ ఉంది, పైగా కండ గట్టిపడేది ఎత్తిన రోజు కాదట, ఆగిన రోజట. నాకు అవేవీ చెవికెక్కలేదు. మూడు రోజులన్న మాట ఒక్కటే వినబడింది.

"వారంల నాలుగు రోజులు సెలవా? గిది కసరత్తా, సర్కారు నౌకరా?" అన్నాను. ఆ తర్వాత మేం కుస్తీ నేర్చుకున్న తాలీం కథ ఎత్తుకున్నాను.

మా చిన్నప్పుడు ఖిల్లా గుట్ట కింద ఒక తాలీం ఉండేది. పెంకుల కప్పు, తల వంచితే తప్ప లోపలికి పోలేని పొట్టి తలుపు, లోపల మోకాలి లోతు గుంటలో జల్లెడ పట్టిన ఎర్రమన్ను. ఆ మన్నులో పసుపు, మజ్జిగ, నూనె, ఎండిన వేపాకు పొడి కలిపేవారు. వానాకాలంలో తడి గోడల వాసనతో కలిసి, ఎండాకాలంలో చెమట వాసనతో కలిసి, చలికాలం పొద్దున్నే మా నోళ్లలోంచి పొగ వస్తుంటే చల్లగా ముక్కుకు తగిలి, ఆ మన్ను ఒక్కో కాలంలో ఒక్కో రకంగా ఉండేది. చర్చి గంట వినబడే లోపల గుంటను తవ్వి చదును చేయాలి. ఉస్తాద్ మల్లయ్య పహిల్వాన్ పగలు రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు. నలిగి ముద్దయిన చెవులు, భుజాన ఎర్ర తువ్వాల, ఎంత చలిలోనైనా చేదబావి దగ్గర రెండు బిందెల చన్నీళ్లు. కసరత్తు అయ్యాక ఇత్తడి గిన్నెలోంచి నానిన శనగలు తలా ఒక పిడికెడు పెట్టి, బెల్లం ముక్కను మాత్రం తన పళ్లతో కొరికి పంచేవాడు, అందరికీ సమానంగా రావాలని. నాగుల పంచమి నాడు గుంట చుట్టూ ముగ్గు వేసి, మన్ను మీద పాలు చల్లి, బెల్లం కలిపిన జొన్న ప్యాలాలు పంచేవారు. ఆ మధ్యాహ్నం చుట్టుపక్కల ఊళ్ల నుంచి కుస్తీలకు వచ్చినవాళ్లతో సందు నిండిపోయేది. కర్రతో బిళ్లను కొట్టే చిర్రగోనె ఆడుకునే మా ఈడు పిల్లలకు ఆ పొట్టి తలుపు దాటి లోపలికి పోవడం కన్నా పెద్ద గొప్ప ఇంకోటి కనిపించేది కాదు.

దాటడానికి ఒక ఆచారం ఉండేది. కొత్తగా వచ్చినవాడు మన్నుకు దండం పెట్టి, కింద పడేదాకా బైఠక్‌లు తీయాలి. ఎన్ని అని ఎవరూ లెక్కపెట్టరు. పడ్డాక ఉస్తాద్ తల ఊపుతాడు. రెండో రోజు వాడికి తొడలు బిగుసుకుపోయి, కాళ్లు వంగక, ఎడంగా వేసుకుంటూ వస్తాడు. అప్పుడు పాతవాళ్లంతా గుంట అంచున వరుసగా నిలబడి "బాతు వచ్చింది, బాతు వచ్చింది" అని నవ్వుతారు. బాతులా నడిచి వచ్చినవాడే పహిల్వాన్ అవుతాడని మా నమ్మకం.

నేనూ, చర్చి వెనక సందులో ఉండే వడ్రంగి కొడుకు దావీదూ ఒకే రోజు చేరాం. దావీదు నాకన్నా పొడుగు, నాకన్నా బలం. ఇద్దరం పడిపోయాం. రెండో రోజు దావీదు సందు మలుపు దాకా వచ్చి, లోపలి నవ్వులు విని, వెనక్కి తిరిగిపోయాడు. మళ్లీ రాలేదు. నేను నాలుగేళ్లు పోయాను. ఈ కథను నేను పెళ్లిళ్లలో, ఆఫీసులో, బస్సుల్లో ఎన్నోసార్లు చెప్పాను. మొన్న రాత్రి అక్షయకూ చెప్పాను. చెప్పి, చివర్లో ఒక ముక్క కలిపాను: "ఇగ నువ్వు చెప్పు. దావీదువా, నాయిన బిడ్డవా?"

ఆ మాటకే అది నిన్న పొద్దున డాబా మీదికి వచ్చింది. పంతానికి, నేను చాలు అనకముందే ఆగకూడదని, పడేదాకా తీసింది. నేను చాలు అనలేదు.

నేను గుమ్మంలో నిలబడి, "రెండు రోజులల్ల అదే తగ్గుతది. మేమందరం గట్లనే జేసినం," అంటే మా అమ్మ నూనె గిన్నె కింద పెట్టింది.

"నీ తాలీం మీద మన్నువొయ్య. రెండో రోజు నువ్వేడ నడిసినవ్‌రా? మూలకు పండుకొని ఏడ్సినవ్. గిదే నూనె నీ కాళ్లకు రాస్తే ఇల్లు లేపినవ్. మీ బాపు గాదా సైకిల్ మీద కూసోవెట్టుకొని తోల్కవోయింది?"

అక్షయ గోడవైపు నుంచి తల తిప్పి నన్ను చూసింది. అమ్మ అన్నది నిజం. మరిచిపోయానని కూడా అనను. చెప్పలేదు, అంతే.

ఆ రోజు బాపు, అంటే మా నాన్న, నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని, ఎవరూ రాకముందే తాలీంకు తీసుకుపోయాడు. తలుపు దగ్గర ఎత్తి దింపి, "ఇయ్యాల ఊకె కూసుంటడు ఉస్తాద్," అన్నాడు. ఉస్తాద్ నన్ను ఒకసారి చూసి, "కూసోని మన్నుల పసుపు కలుపుమను," అన్నాడు. అలా నేను గుంట అంచున కూర్చుని పసుపు కలుపుతుండగా మిగతావాళ్లు వచ్చారు. నా నడక ఎవరూ చూడలేదు. కాసేపటికి తలుపులోంచి మలుపు దగ్గర దావీదు కనిపించాడు, కాళ్లు ఎడంగా వేసుకుంటూ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కూర్చున్న చోటి నుంచి.

మధ్యాహ్నం మేడంకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"మంచి పని జేసిండ్రు సార్. చంటిపిల్లకు మొదటి రోజే జొన్నరొట్టె వెడ్తరా?" అంది. "తోల్కరాండ్రి. ఇయ్యాల ఏం జెయ్యది, చూస్తది. మాన్పియ్యకుండ్రి. గీ నొప్పులతోని ఇంట్ల కూసుంటే మళ్ల రారు ఆడివిల్లలు, నేను చూసిన." జిమ్‌లో ఉన్న రాడ్ కొత్త పిల్లలకు బరువట; తేలికది ఒక్కటే ఉంటే వంతులు వేసుకుని, మిగతావాళ్లు కర్రలతో నేర్చుకుంటున్నారట. సన్న పైపు ఏదైనా దొరికితే తెమ్మంది.

పైపు అంటే మెదక్‌లో నేను పోగల చోటు ఒకటే, దావీదు వెల్డింగ్ షాపు. వాణ్ని నెలకోసారైనా చూస్తూనే ఉంటాను. గేట్ల గురించి, ఎండల గురించి మాట్లాడుకుంటాం. తాలీం మాట మాత్రం మా మధ్య ఎన్నడూ రాలేదు.

"ఏందిరా, గేటు మళ్ల కుంగిందా?" అన్నాడు నన్ను చూడగానే.

"గేటు గాదు. బిడ్డకు రాడ్ గావాలె, తేలికది." ఎందుకో చెప్పాను. వాడు మిషన్ బంద్ చేసి, కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తాడు.

"ఎన్ని తీపిచ్చినవ్?"

"లెక్కవెట్టలే."

"ఉస్తాద్ గూడ లెక్కవెట్టకపోతుండె," అన్నాడు.

నేను అక్కడే చెప్పేశాను. "ఆ రోజు నేను గూడ నడ్వలేదురా. బాపు సైకిల్ మీద వచ్చిన. కూసోని నవ్విన."

దావీదు మూలనున్న పైపుల్లోంచి ఒకటి తీసి, చేత్తో బరువు చూసి, పక్కన పెట్టి, ఇంకా సన్నది తీశాడు. కొలిచి కోశాడు. కోసిన అంచులను ఆకురాయితో చాలాసేపు రుద్దాడు.

"గా సంగతి నాకు దెల్వదు," అన్నాడు చివరికి, తల ఎత్తకుండా. "నువ్వొక్కనివే మంచిగున్నవనుకున్న. నాకే చాతగాలే అనుకున్న గదరా ఇన్నొద్దులు."

వాడు అంచు మీద బొటనవేలు తిప్పి చూసుకుని, పైపు నా చేతిలో పెట్టాడు. "పట్టు. బిడ్డ చేతులు కోసుకోవు."

ఇంటికి వచ్చి అక్షయ పక్కన కూర్చుని, సైకిల్ సంగతి, మూలన ఏడ్చిన సంగతి, దావీదును చూసి నవ్విన సంగతి మొదటి నుంచి చెప్పాను. నీ మూడు రోజుల లెక్కే సరైనదని, అందులో ఇకమీద వేలు పెట్టనని చెప్పాను. అది చాలాసేపు పైపును అటూ ఇటూ దొర్లించింది.

"అంటే నువ్వు గూడ బాతువేనా డాడీ?"

"నీకన్న పెద్ద బాతును."

"మరి పొద్దున ఎందుకు నవ్వినవ్?"

"తప్పయింది బిడ్డా."

అది నవ్వలేదు. కానీ చెప్పులు ఎక్కడున్నాయని నాయనమ్మను అడిగింది.

స్కూటర్ వెనక పైపును నిలువుగా పట్టుకుని కూర్చుంది. కావాలనే ఖిల్లా కింది సందులోంచి పోనిచ్చాను. తాలీం ఉన్న చోట ఇప్పుడు నాలుగు షట్టర్లు. ఒకదాంట్లో సెల్‌ఫోన్లు, ఒకదాంట్లో జిరాక్స్, రెండింటికి కిరాయి బోర్డులు. గుంట ఎప్పుడో పూడ్చారు, పైన టైల్స్ వేశారు. చేదబావి మీద సిమెంటు పలక. ఆ పొట్టి తలుపు ఎక్కడుండేదో చూపిద్దామని ఆపాను కానీ, సరిగ్గా ఎక్కడో నాకే తెలియలేదు.

జిమ్ మేడ మెట్లు ఇరుకు. పైపు నేను తీసుకున్నాను. అక్షయ ఒక చేత్తో మెట్ల కమ్మీ, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. పైన తలుపు తీసే ఉంది. లోపల ఐదారుగురు ఆడపిల్లలు కర్రలు భుజాల మీద పెట్టుకుని వరుసగా నిలబడి ఉన్నారు, అందరూ ఒకేసారి ఇటు తిరిగి చూశారు. అక్షయ వేళ్లు నా భుజం మీద బిగిశాయి.

"ఇయ్యాల ఊకె కూసుంటది మేడం," అన్నాను.

వాళ్లలో ఒక పిల్ల కర్ర దించి, గోడ పక్కనున్న బల్లను కాలితో ముందుకు జరిపింది.