పొట్టి తూటాలు

మా పక్కింటి డాక్టర్‌గారు పోయారు. ఆదివారం చర్చికి బయల్దేరుతూ టై కట్టుకుంటుంటే గుండె ఆగిపోయిందట. ఆయన భార్య, అమ్మగారు ఫోన్‌లో, "ఆయన వెళ్ళిపోయారు బాబూ, నువ్వు రా," అని మాత్రం అన్నారు. అమెరికాలో మా ఊరు బెంటన్‌విల్‌లో తెలుగువాళ్ళెవరినడిగినా ఆయన మంచి సర్జన్ అనీ, ప్రార్థనాపరుడనీ చెబుతారు. అవి నిజాలే. నాకు మాత్రం ఆయన గరాజ్‌లో నా చెంప పగలగొట్టిన మనిషి. ఆ దెబ్బకి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

నాకు హైవే పక్కన పెట్రోలు పోసే గ్యాస్ స్టేషన్ ఉంది. ఒక మధ్యాహ్నం ఒకడు పిస్టల్‌తో వచ్చాడు. డ్రాయర్‌లో ఉన్నదంతా తీసిచ్చాక కూడా పిస్టల్ పిడితో నా మొహం మీద కొట్టాడు. కింద పడితే బూటుతో తన్నాడు. దవడ విరిగింది, పళ్ళు ఊడి నోట్లోనే ఉండిపోయాయి. అడిగిందల్లా ఇచ్చాక కూడా కొట్టినందుకు నా కడుపు మండిపోయింది. తర్వాత వాడు దొరికాడు, బెయిల్ మీద బయటికీ వచ్చాడు. వాడి ఇల్లెక్కడో కనుక్కున్నాను. పిస్టల్ కొన్నాను.

డాక్టర్‌గారు రిటైరయ్యేదాకా ఎమర్జెన్సీలో తూటా దెబ్బలు కుట్టిన మనిషి. అలాంటాయనకి కాగితం మీద గురి చూసి కాల్చడం సరదా. పేలిపోయిన తూటాల ఇత్తడి తొడుగులు ఏరుకొచ్చి, తుపాకిమందు నింపి, కొనకి కొత్త సీసం బులెట్ బిగించి మళ్ళీ వాడుకునేవారు. ఇక్కడ చాలా గరాజ్‌లలో జరిగే పనే అది. నాకూ నేర్పమన్నాను. కుట్లు ఇంకా ఆరని నా దవడ వైపు చూసి, "సరే రా. చేత్తో చేసుకున్నవాడు తొందరపడి కాల్చడు," అన్నారు.

చలికాలంలో స్వెట్‌ప్యాంట్ మీద లుంగీ చుట్టుకుని బల్ల ముందు కూర్చునేవారు. చేసిన ప్రతి తూటా పొడుగూ కేలిపర్ దవడల మధ్య పెట్టి వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచేవారు. "కొలవకుండా నమ్మేది దేవుణ్ణొక్కణ్ణేరా," అనేవారు.

నాకు ఓర్పు తక్కువ. తూటాలు బిగించే ప్రెస్ హ్యాండిల్ బిగుతుగా ఉందని తొడుగులకి కొబ్బరినూనె రాశాను. తలుపు కిర్రుమన్నా, మడమలు పగిలినా మనిళ్ళలో మందు అదే కదా. ఆ రోజు చేసిన తూటాలు కొలిస్తే ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఇంకొకటి మరీ పొట్టి. ఆయనకి కారణం అంతుపట్టలేదు. "రెండు మందులు ఒకేసారి మార్చకూడదు, ఏది పనిచేసిందో తెలీదు," అని ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చారు. ముందు ఒకే రకం బులెట్లు ఏరి ఇచ్చారు. తర్వాత హ్యాండిల్ ప్రతిసారీ అడుగంటా దించమన్నారు. తేడా పోలేదు. చివరికి, బులెట్‌ని తొడుగులోకి నొక్కే డై విప్పి వేలు పెడితే తెల్లటి ముద్ద బయటికొచ్చింది.

వాసన చూశారు. "తలకి రాసుకునేది దీనికి రాశావా? చలికి గడ్డకట్టిందిరా. ముద్ద పెరిగేకొద్దీ బులెట్‌ని లోపలికి తోస్తోంది. ఊడి పడినప్పుడు మళ్ళీ పొడుగు వస్తోంది."

"పొట్టిదైతే ఏంటి డాక్టర్‌గారూ? వాడి మొహంలో దిగితే చాలు."

చెంప ఛెళ్ళుమంది. విరగని వైపే చూసి కొట్టారు.

"పొట్టి తూటాలో ప్రెషర్ పెరిగి తుపాకీ చేతిలోనే పేలింది ఒకడికి. డబ్బా మీద కాల్చాడంతే. బొటనవేలు గ్లవ్‌లో వేసుకుని నా దగ్గరికొచ్చాడు. రెండో వేలు కోసం వాడి భార్య పెరడంతా వెతుకుతోంది. చెయ్యి చీలికలైపోతే ఏం కుట్టను?"

తర్వాత నా చేతికి పుల్లర్ ఇచ్చారు. చూడ్డానికి సుత్తిలా ఉంటుంది. తూటాని అందులో బిగించి నేలకేసి కొడితే బులెట్ ఊడొస్తుంది. ఆ రోజు చేసినవన్నీ విప్పేయమన్నారు. మొదలుపెట్టాను. మొదటి దెబ్బకే వాడి మొహం కనిపించింది. ఇంక ఆగలేదు. వాడి ముక్కు మీద, పళ్ళ మీద, కళ్ళ మీద కొట్టాను. నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాను. కుట్టు తెగి గడ్డం మీదికి నెత్తురు కారుతున్నా ఆయన ఆపమనలేదు. పక్కన కూర్చుని ఒక్కో తూటా అందిస్తూ, "కొట్టు, ఇంకా ఉన్నాయి," అన్నారు. చివరికి చెయ్యి లేవక, సిమెంటు నేల మీద బోర్లా పడి ఏడ్చాను. ఆయన లుంగీ అంచుతో నా గడ్డం తుడిచి, లైటు దగ్గరికి నడిపించి కొత్త కుట్టు వేశారు.

నేను వాడింటికి వెళ్ళలేదు. కోర్టులో వాడికి శిక్ష వేసిన రోజున డాక్టర్‌గారే నన్ను తన కారులో తీసుకెళ్ళారు. బయటికొచ్చాక పార్కింగ్ లాట్‌లో కారు తాళాలు నాకిచ్చారు.

"నువ్వు నడుపు. నా వల్ల కాదు."

"ఏమైంది డాక్టర్‌గారూ?"

"తూటాలు చెయ్యడం నేర్పింది నేనే కదరా. నువ్వు వాణ్ణి చంపితే నేను చంపినట్టే. ఇన్నాళ్ళూ మీ ఇంటి గరాజ్ తలుపు లేస్తే చాలు, వాడింటికే బయల్దేరావేమోనని లేచి కిటికీ దగ్గరికెళ్ళేవాణ్ణి."

అప్పుడు ఆయన చేతుల వైపు చూశాను. ఎన్ని గాయాలు కుట్టాయో ఆ చేతులు. ఇంటికి చేరేదాకా వాటిని మోకాళ్ళ మధ్య నొక్కిపెట్టుకుని, కళ్ళు మూసుకుని నా పక్కన కూర్చున్నారు.