తెల్ల కోడి లేని కార్డు

లేదు, ఆయన పుస్తకమేదీ రాయలేదు. ఆయన పేరుతో ఒక్క కథ కూడా అచ్చు కాలేదు. అయినా నాకు తెలిసిన రచయిత ఆయనొక్కడే. మహబూబాబాద్ కచేరీ ఎదురుగా రేకుల పంచ కింద కూర్చుని, చదువు రాని వాళ్లకు అర్జీలు, ఉత్తరాలు రాసిపెట్టే తాత ఈ నెల మొదట్లో ఒక బుధవారం పొద్దున పోయాడు. ఇంట్లో చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఒరిగాడట. అంతే. ఆ పూట నేను చాప పరిచి, సిరా బుడ్డి తుడిచి, ఆయన కోసం చూస్తూ కూర్చున్నాను. పక్కన చాయ్ కొట్టు నడిపే అన్న వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"చాప సుట్టురా. తాత ఇగ రాడు" అన్నాడు.

ఇది కూడా మీ పత్రికకు పోస్టు కార్డుల మీదే రాసి పంపుతున్నాను. పెద్ద కాగితం ముందు పెట్టుకుంటే నాకు చెయ్యి ఆడదు. ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ని. నలుగురిలో నోరు పెగలదు. ఏదైనా చెప్పాలంటే చిట్టీ మీద రాసి చేతిలో పెట్టడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. కిరాణా కొట్లో ఉప్పు కావాలన్నా చిట్టీయే చూపించేవాణ్ని. తప్పులుంటే మన్నించి, వరుసలో పెట్టుకుని చదవండి.

మాది దంతాలపల్లి దగ్గర ఊరు. పట్టా అర్జీ రాయించడానికి నాయిన నన్ను వెంటబెట్టుకుని తాత దగ్గరికి పోయాడు. తాత నా పేరడిగాడు. నేను జేబులోంచి పెన్సిలు తీసి చిట్టీ మీద రాసి ఇచ్చాను.

"పోరడు మూగోడా?" అన్నాడు తాత.

"కాదు తాతా, సిగ్గు. ఆడివిల్లలు నయం వీనికన్న" అన్నాడు నాయిన.

తాత ఆ చిట్టీని కళ్లద్దాల దగ్గర పెట్టుకుని చూశాడు. ఆ కళ్లద్దాలకు ఒక వైపు కాడ ఉండేది కాదు, దారం ఉండేది. "అక్షరం నిలబడ్డది. నోరు లేనోడు మంచిగ ఇంటడు. రేపటి సంది పంపు" అన్నాడు. అట్లా నేను ఆయన పక్కన కూర్చున్నాను. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. ఈ మధ్య కచేరీ బోర్డు మార్చి మండలాఫీసు అని రాశారు గానీ, ఆయన రేకుల పంచ మాత్రం మారలేదు.

మీలో రాయాలనుకునేవాళ్లు ఉంటారు. ఆయన ఎట్లా రాసేవాడో చెబుతాను. ఎవరైనా వస్తే ముందు కుండలో నీళ్లు ఇచ్చేవాడు. "ఏం తిని బయలెల్లినవు బిడ్డా?" అని అడిగేవాడు. అర్జీకి, తిన్నదానికి సంబంధం ఏమిటని నేను ఒకసారి చిట్టీ రాశాను. ఆయన నవ్వాడు. "తిన్నది చెప్పేటప్పుడు ఎవ్వడు అబద్ధమాడడురా. ఆ గొంతు పట్టుకోవాలె. తర్వాత ముచ్చటల ఆ గొంతు మారిందనుకో, ఆడ ఆగి మళ్ల అడగాలె."

రాయడం అయ్యాక చదివి వినిపించేవాడు. కానీ కళ్లు కాగితం మీద ఉండేవి కావు. ఎదుటి మనిషి ముఖం మీదే ఉండేవి. ఆ మనిషి ఎక్కడ తల దించుకుంటే అక్కడ ఆపేవాడు. "ఇది నీ మాటేనా?" అనేవాడు. "బాగుందా?" అని మాత్రం ఎన్నడూ అడగలేదు.

ఈ పద్ధతి ఆయనకు జనగామలో అబ్బింది. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఆయన అక్కడ రాసేవాడట. నేనప్పుడు ఉయ్యాలలో ఉన్నాను. కాలేజీ పిల్లలను పోలీసులు పట్టుకుపోతే తల్లులు వచ్చి వరుసగా నిలబడ్డారట. తాత అందరికీ ఒకటే అర్జీ రాసిచ్చాడు, పేర్లు మాత్రమే మార్చి. పైన కూర్చున్న ఆఫీసరు రెండు చదివి మిగతావి పక్కన పడేశాడు. ఒక తల్లి మాత్రం పట్టుబట్టి తన మాట రాయించింది: "మా వాడు ఎడమ చెయ్యితో తింటాడు, ఆ చెయ్యికే దెబ్బ తగిలిందట, అన్నం ఎట్లా తింటున్నాడో." ఆఫీసరు ఆ కాగితం పూర్తిగా చదివాడట. "నేను రాసిన అర్జీలన్నిట్ల అదొక్కటే నాది కాదు. అదొక్కటే పనిచేసింది" అనేవాడు తాత. ఆ మాట అన్నప్పుడల్లా పెన్ను మూత పెట్టేసేవాడు.

అన్నీ విన్నాను. విని కూడా పాడు చేశాను.

రచయిత కావాలని నాకు లోపల ఆశ ఉండేది. ఒకసారి నాయినతో పత్తి అమ్మడానికి జనగామ పోయినప్పుడు బస్టాండులో ఒక చిన్న పుస్తకం కొన్నాను. ముప్పై రోజుల్లో రచయిత కావచ్చని అట్ట మీద ఉంది. ఒక్కో రోజుకు ఒక్కో సూత్రం. ఆరోనాటి సూత్రం నాకు బాగా నచ్చింది. చెప్పిందే మళ్లీ చెప్పకు, విషయానికి అక్కర లేనిది కొట్టెయ్యి అని. నాకు చాలా ధైర్యం వచ్చింది. మా దగ్గరికి వచ్చేవాళ్లు చెప్పే ముచ్చట్లలో సగం అట్లాంటివే కదా అనిపించింది.

తాత ఆ పుస్తకాన్ని రెండు రోజులు తన దగ్గర పెట్టుకుని మొత్తం చదివాడు. వెక్కిరిస్తాడనుకున్నాను. వెక్కిరించలేదు. "మొదటి ముక్క చిన్నగ ఉండాలన్నడు. అది నిజమే" అన్నాడు. తిరిగి ఇస్తూ, "ఈయన మంచిగనే చెప్పిండు గని ఎదురుంగ మనిషిని కూసోవెట్టుకొని రాయలే. నువ్వు నీ మాటలు రాసుకున్ననాడు కొట్టేసుకో. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయి" అన్నాడు.

ఎందుకో చెప్పలేదు. నేనూ చిట్టీ రాసి అడగలేదు.

తండా నుంచి ఒక అక్క వచ్చేది. ఆమె భర్త కాలువ తవ్వే పనికి దూరం పోయి రెండేళ్లయింది. ఆమె చెబితే తాత కార్డు రాసేవాడు. మేకలు, వానలు, పిల్లల జ్వరాలు అయ్యాక, ప్రతి ఉత్తరం చివర ఆమె ఒకే మాట చెప్పేది: "తెల్ల కోడి ఇంక అటుక మీదనే పండుకుంటుంది అని రాయి తాతా." రెండేళ్ల పాటు అదే కోడి, అదే అటుక. ఆమె పోయాక నాకు నవ్వొచ్చేది. తాత నవ్వేవాడు కాదు.

ఒకరోజు తాత భూపాలపల్లి దిక్కు ఇచ్చిన కూతురిని చూడటానికి పోయాడు. పంచ కింద నేనొక్కణ్నే ఉన్నాను. ఆ అక్క ఉరికినట్టే వచ్చింది.

"తాత లేడా? అయితే నువ్వే రాయి తమ్మీ. మా బావ కాయితాలు పట్టుకొని మా ఆయన కాడికి పోతుండు. బాయి కాడి చెలక భూమి రాయించుకుంటడట. ఏలిముద్ర ఎయ్యొద్దని రాయి. నేనొచ్చేదాక ఎయ్యొద్దని రాయి."

రాశాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ రాయలేదు. మొదటి ముక్క చిన్నగా పెట్టాను. మేకల సంగతి తీసేశాను. చివర ఆమె కోడి మాట చెప్పింది. ఇంత పెద్ద కష్టంలో కోడి ఎందుకనుకున్నాను. ఆరోనాటి సూత్రం గుర్తొచ్చింది. రాయలేదు.

చదివి వినిపించాలి కదా. చాయ్ కొట్టు దగ్గర పది మంది రైలు కోసం కూర్చుని ఉన్నారు. అంత మందిలో గొంతెత్తి చదవడానికి నాకు నోరు రాలేదు. కార్డు బోర్లించి పట్టుకున్నాను.

"కోడి ముచ్చట రాసినవా?" అని అడిగింది ఆమె.

నేను తల ఊపాను.

అది రాసిన తప్పు కాదు. ఊపిన తప్పు. ఆమె పోయాక పోస్టు డబ్బాలో నేనే వేశాను.

నెల దాటాక ఆమె ఆ కార్డు పట్టుకుని వచ్చింది. తాత ఉన్నాడు, నేనూ ఉన్నాను. ఆమె అరవలేదు. కార్డు ఆయన ఒళ్లో ఉన్న రాత పలక మీద పెట్టింది.

"జర సదువు తాతా. దీన్ల కోడేది?"

తాత చదివాడు. ఆమె నిలబడే చెప్పింది. భర్త ఇల్లు విడిచేటప్పుడు ఇద్దరూ ఒక గుర్తు మాట అనుకున్నారు. చదువు రాని వాళ్ల ఉత్తరం ఎవరైనా రాయవచ్చు, ఎవరి పేరైనా పెట్టవచ్చు. కోడి మాట ఉంటేనే అది ఆమె ఉత్తరం. లేకపోతే ఎవరో రాయించింది. ఈ కార్డులో కోడి లేదు. ఇది దొంగ ఉత్తరమని అతను అనుకున్నాడు. తన అన్న తెచ్చిన కాగితాల మీద వేలిముద్ర వేసి, ఈ కార్డు పట్టుకుని ఇంటికి వచ్చాడు.

తర్వాత తెలిసింది, మా దగ్గరికి వచ్చే చాలా మందికి అట్లాంటి మాట ఒకటి ఉందని. ఒకరికి ఎద్దు కొమ్ము, ఒకరికి పగిలిన రోలు. తాతకు అన్నీ తెలుసు. ఒకరి గుర్తు ఇంకొకరికి చెప్పకూడదు కాబట్టి నాకు చెప్పలేదు. చెప్పింది చెప్పినట్టు రాయమని మాత్రం అన్నాడు.

నా అక్షరం అచ్చం తాత అక్షరంలాగే ఉంటుంది. నేర్పింది ఆయనే కదా. ఆయన కార్డు నుంచి కళ్లెత్తి నా వైపు చూశాడు. నేను వేలిముద్రల సిరా పెట్టె వైపు చూస్తున్నాను.

"పోరడు మంచిగనే రాసిండు బిడ్డా. సిరా చెదిరితే నేను వచ్చినంక ఇంకో కార్డు మీద ఎక్కించిన. అండ్ల కోడి జారిపోయింది. తప్పు నాది" అన్నాడు.

ఆమె కార్డు వెనక్కి తీసుకుంది. "నీ చేతిల పాణం పెట్టినం తాతా" అంది. కొంగు సర్దుకుని రోడ్డు అవతల టైపు మిషను పెట్టుకున్నాయన దగ్గరికి పోయింది.

మాట ఊరికే ఉండదు. రెండు రోజుల్లో చాయ్ కొట్టు చుట్టూ తిరిగింది.

"కోడి ఏడికి పోయిందే తాతా? కూరొండుకున్నవా?"

"ముసలోడు కదరా, పండ్లు లేవు. పులుసు తాగిండు కావచ్చు."

తాత కూడా వాళ్లతో పాటు నవ్వేవాడు. "ఉప్పు తక్కువైందిరా" అనేవాడు. ఆ రోజు నుంచి ఆయనను కోడి తాత అన్నారు. నవ్విన వాళ్లే అర్జీ రాయించాలంటే మాత్రం రోడ్డు దాటారు. మతి తప్పిన మనిషి, సర్వే నంబరు కూడా మరిచిపోతాడేమో అన్నారు. పొద్దున నీళ్ల కుండ నిండుగా ఉండేది, సాయంత్రం కూడా నిండుగానే ఉండేది. నేను దాన్ని ఒంపి ఇంటికి పోయేవాణ్ని.

ఒకరోజు చిట్టీ రాశాను. తప్పు నాది, మీరెందుకు మీద వేసుకున్నారు అని. ఆయన చేతిలో పెట్టి తల దించుకున్నాను. ఆయన చదివి, నాలుగు మడతలు పెట్టి, నా జేబులోనే వేశాడు.

"ఇది నాకెందుకురా? నాకు తెల్వదా? నువ్వు రాయాల్సింది నాకు కాదు, ఆమెకు" అన్నాడు. మళ్లీ, "ఆనాడు నీ పేరు చెప్తే నువ్వు జన్మల మళ్ల పెన్ను పట్టకపోదువు. నాదేముంది, అయిపోవచ్చింది" అన్నాడు.

రాస్తాననుకున్నాను. వరి కోతలు కానీ అనుకున్నాను. తర్వాత పత్తి తీయడం కానీ అనుకున్నాను. ఆయన మళ్లీ అడగలేదు. ఒకసారి అడిగి ఉంటే రాసేవాణ్నేమో అని ఇప్పుడు ఆయన మీదికి నెట్టాలని చూస్తున్నాను. అది కూడా న్యాయం కాదు.

దహనం రోజున ఆ అక్క వచ్చింది. ఇప్పుడు ఆ చెలకలోనే కూలికి పోతోంది. ఆడవాళ్లలో నిలబడి, "మంచోడే పాపం. చివర్ల మతి పోయింది, గంతే" అంది. పక్కవాళ్లు అవునన్నారు. నేను నాలుగు అడుగుల దూరంలో ఉన్నాను. ఆ మతి చివరి చాయ్ దాకా చెక్కు చెదరలేదని నాకు తెలుసు. నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు.

పెద్దకర్మ అయ్యాక తాత ఇంటావిడ నన్ను పిలిచి ఆయన రేకు పెట్టె ఇచ్చింది. "నీకియ్యుమన్నడు" అంది. అందులో సిరా పెట్టె ఉంది, కళ్లద్దాల దారం చుట్ట ఉంది, అడుగున ఒక కార్డు ఉంది. చిరునామా వైపు తాత అక్షరాలు. ఆ అక్క పేరు, తండా పేరు, పోస్టాఫీసు. సిరా కొంచెం వెలిసింది. చాలా రోజుల కింద రాసి పెట్టాడన్నమాట. కార్డు తిప్పి చూశాను. ఆ వైపు అంతా తెల్లగా ఉంది. తేదీ కూడా వేయలేదు.

నాలుగు రోజులుగా ఆ తెలుపు ముందు కూర్చున్నాను. చెలక తిరిగి రాదు. నిజం రాస్తే కోడి తాత అన్న పేరైనా పోతుందేమో. కానీ కార్డు పోస్టులో వేస్తే ఆమెకు ఎవరో చదివి చెప్పాలి. ముసలాయన పేరు నిలపడానికి ఎవరో రాయించారని ఆమె అనుకుంటే? ఆమెకు, నాకు మధ్య గుర్తు మాట లేదు. నాకు తెలిసింది కోడి ఒక్కటే, అది వాడుకునే హక్కు నాకు లేదు. ఇక మిగిలింది కార్డు పట్టుకుని తండాకు పోయి, కాగితం చూడకుండా, ఆమె ముఖం చూస్తూ, తాత చదివినట్టు చదవడం. అయితే ఆమె నేను తల ఊపడం చూసింది గానీ, నా గొంతు ఎన్నడూ వినలేదు. ఎన్నడూ వినని గొంతును ఆమె ఏ గుర్తు పట్టుకుని నమ్ముతుంది?