గాల్లో ఆగిన పెంకు

పుంగనూరు గంగులప్పను మీరు కలిసి తీరాలి. 1946లో మదనపల్లెలో ఒక మిషన్ బడికి కొత్త గదులు కడుతుంటే, గోడమీద నిలబడి పెంకులు పట్టిన మనిషాయన. కింద నుంచి భార్య రాజమ్మ విసిరేది. పైకొచ్చిన పెంకు కిందికి తిరిగేముందు రెప్పపాటు ఆగుతుంది, అప్పుడు పడితే దూదిలా చేతికొస్తుంది. పెళ్ళయినప్పటి నుంచీ ఇదే పని. ఒక్కటీ జారలేదు.

ఆరోజు లెక్కలు చెప్పే ఇమ్మానుయేలు మేష్టరు చూస్తూ నిలబడ్డాడు.

"భూమి లాగతా ఉంటే భలే పడతాండావప్పా."

"యాడ లాగతాది అయివారూ? పైన కాసేపు వదిలేస్తాది గదా."

"వదలదు. రాజమ్మ చెయ్యి దాటినకాణ్ణించి లాగతానే ఉంటాది. ఆగినప్పుడూ అంతే లాగుడు."

"లాగతా ఉంటే ఆగేదెట్లా?"

"లాగబట్టే ఆగేది. ఆమె ఇచ్చిన వేగం ఆడికి అయిపోతాది."

గంగులప్పకు బుర్ర తిరిగింది. తర్వాతి పెంకు ఆగిందా, ఆగినట్టు కనబడిందా అని చూస్తుండగానే అది వేళ్ళకు తగిలి జారింది. రాజమ్మ పక్కకు తప్పుకుంది.

"ఏమయ్యా, పొద్దున సంగటి సాలలేదా?"

"భూమి లాగతాందంట మే."

"ఇన్నాళ్ళూ యాడికి పోయిండాదో ఆ భూమి."

పనివాళ్ళు నవ్వారు. గంగులప్పకు నవ్వు రాలేదు. ఇంకో పెంకు జారి రాజమ్మ భుజం గీరుకుపోయింది. రక్తం చూసి మేస్త్రీ గురప్ప పరుగున వచ్చాడు.

"కుప్పంలో షెడ్డు పనికి మీ జతనే పంపిస్తానని మాటిచ్చినా. సేతగాకపోతే ఇప్పుడే సెప్పప్పా."

మేష్టరు నొచ్చుకున్నాడు. "నా మాటలు మర్చిపో గంగులప్పా."

"ఎట్లా మరిసేది అయివారూ? పెంకును సూస్తే అదే గుర్తొస్తాంది."

రాజమ్మ కొంగుతో భుజం అదుముకుని ఇంకో పెంకు తీసింది. "విసరతాండా, పట్టు."

ఆమె తల ఎక్కడుందో చూశాడు గంగులప్ప. ఆ పెంకు జారితే నేరుగా అక్కడికే. గబగబా నిచ్చెన దిగేశాడు.

"నువ్వు పైకి పో మే. పడితే నా నెత్తినే పడనీ."

రాజమ్మ ఎన్నడూ గోడెక్కలేదు. చీర ఎగ్గట్టి ఎక్కింది. ఆయన విసిరిన మొదటిది దాటిపోయి పక్కన పగిలింది. రెండోది పట్టేసింది. మూడోదీ పట్టింది.

"ఆగతాందా మే?" కింద నుంచి ఆశగా అడిగాడు.

"ఏమో, నేను సూడలా. వస్తే పట్టినా."

ఉన్న అయోమయానికి ఇదొకటి తోడైంది. ఇంతలో గురప్ప దగ్గరికొచ్చి, "కుప్పానికి పట్టే మనిషని ఎవురి పేరు సెప్పేదప్పా?" అన్నాడు.

గంగులప్ప గోడమీదున్న రాజమ్మను చూశాడు, తన చేతులు చూసుకున్నాడు. పట్టే మనిషిగా ఆమె పేరు చెబితే తనకు తెలిసిన పని పోతుంది, తన పేరు చెబితే ఆమె తల మళ్ళీ పెంకు కిందికి వస్తుంది.

మీరైతే ఏం చేసుండేవాళ్ళు?