చెప్పులతో పాటు

చింతామణి నుంచి బాగేపల్లి వెళ్ళే బస్సులో ఫోన్ పట్టుకుని నా కూతురి మీద గట్టిగా అరిచాను. బడిలో కోపమొచ్చి పక్కపిల్ల పుస్తకం చించేసిందట. ఫోన్ పెట్టేసి పక్కకు తిరిగాను. పక్క సీటు పెద్దాయన నన్నే చూస్తున్నాడు. పట్టుగూళ్ళు అమ్ముకుని వస్తున్నట్టున్నాడు, ఒళ్ళో ఖాళీ గోనెసంచి మడిచి ఉంది.

"మా నాయన కోపం అప్పా," అన్నాను సంజాయిషీగా. "నాకొచ్చింది, దానికీ వచ్చింది. రక్తంలోనే ఉండాది, ఏం చేసేది?"

"మా ఇంట్లోనూ అంతే. మా తాత కోపానికి ఊరంతా జడిసేది. మా నాయనా అంతే, నేనూ అంతే," అన్నాడాయన. "పట్టుపురుగుల షెడ్డులో మాత్రం గొంతు లేపం. అరిస్తే పురుగు ఆకు మేయదని మా వాళ్ళ నమ్మకం. ముప్పై ఏండ్లుగా మేపుతాండాను, లోపల ఒక్కనాడూ అరిచింది లేదు."

"అయితే కోపం పోయిందా?"

"యాడికి పోతాదప్పా? చెప్పులతో పాటు వాకిట్లో ఇడిచి లోపలికి పోతా. బయటికొచ్చినాక మళ్ళీ ఏసుకుంటా."

ఆయన నవ్వలేదు. చేలూరులో సంచి చంకన పెట్టుకుని దిగిపోయాడు.

ఆ సాయంత్రం ఇల్లు చేరాను. నా చెప్పుల చప్పుడు వినగానే లోపల టీవీ ఆగిపోయింది. చిన్నప్పుడు మా నాయన చెప్పుల చప్పుడు వినగానే నేనూ అలాగే రేడియో ఆపేసేవాణ్ణి.

వాకిట్లో చెప్పులు విడవడానికి ఆ రోజు నాకు చాలాసేపు పట్టింది.