మొలవకూడని గింజ

మిల్లు సంగు (మీరు సైరన్ అంటారు) ఊదితే లేచి, మళ్ళీ ఊదితే అన్నం ముందు కూర్చునే కాలం అది. కోయంబత్తూరులో మా లైను ఇళ్ళవాళ్ళకు గడియారమూ పంచాంగమూ ఆ సంగే. అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. లోకంలో నాకు తెలియనిదంటూ లేదు. అరవ బడికి పోయింది మూడేళ్ళే, మిగతా చదువంతా వేరుశనగ పొట్లాల కాగితాల మీదే సాగింది. (తెలుగు అక్షరాలు నలభై దాటాక సొంతంగా దిద్దుకున్నవి. తప్పులుంటే నవ్వుకోండి గాని, నాతో చెప్పకండి.) పరీక్షించనిదే దేన్నీ నమ్మకూడదని ఒక పొట్లం బోధించింది. ఇక నేను ఊరుకుంటానా!

మా అవ్వ ప్రతి సోమవారమూ పేరూరు పట్టీశ్వరుడి గుడికి పోయేది. అక్కడ పుట్టని చింత అని ఒక చెట్టుంది. దాని గింజ ఎక్కడ నాటినా మొలవదట. ఆ క్షేత్రంలో ప్రాణం విడిచినవాళ్ళకు మరుజన్మ లేదనడానికి అదే గుర్తని పెద్దలు చెబుతారు. అవ్వ ముగ్గురు బిడ్డలను మట్టిలో పెట్టిన మనిషి. వాళ్ళ పేర్లు ఎత్తేది కాదు గాని, ఆ చెట్టు దగ్గర మాత్రం చాలాసేపు నిలబడేది. "ఇంకొక తూరి పుట్టి ఇవన్నీ పడేదానికి నా చేత కాదు సామీ" అనేది.

ఒక సోమవారం నేనూ వెంట పోయి, రాలిన గింజ ఒకటి జేబులో వేసుకున్నాను. బస్సులో బయటపెట్టాను.

"అవ్వా, దీన్ని నాటుతా. మొలిస్తే ఈ సోమవారాలు నువ్వు మానాల."

"దేవుడి సొత్తురా అది, పైత్యకారా! మొలవకుంటే?"

"ప్రతి వారమూ నీ సంచి మోసుకుని నేనే వస్తా. సినిమాకు పోను."

సినిమా మాట వినగానే అవ్వ కాసేపు ఆలోచించింది. "సరి, చూస్తాము" అంది.

పాలపొడి డబ్బాలో తడిపిన దూది (మిల్లుదే, అడగకుండా తెచ్చింది) పరిచి గింజ పెట్టాను. షిఫ్టుకు ముందొకసారి, తర్వాతొకసారి తొంగి చూసేవాణ్ణి. తొమ్మిదో పొద్దున, తొక్కను టోపీలా పెట్టుకుని, మొలక నిలబడి ఉంది! అవ్వను పిలవబోయి వెనక్కి తిరిగాను. ఆమె లోపల సోమవారం చీరను మోకాలి మీద వేసుకుని, అరచేత్తో ముడతలు తీస్తోంది. ఆమె లేచి ఇటే వస్తోంది. నేను తుండుతో ఉన్నాను, జేబు లేదు. మొలకను పీకి నోట్లో వేసుకున్నాను.

"మొలిచెనా?"

తల అడ్డంగా ఊపాను.

"నోట్లో ఏమిరా?"

"పన్ను నొప్పవ్వా."

"అయితే సంచి నీదే" అంది.

నాలుగేళ్ళు మోశాను. మిల్లులో నాకు 'పేరూరు పూజారి' అని పేరు పడింది. చివరికి అవ్వ పేరూరులోనే తన చెల్లెలి ఇంట మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం దగ్గరకు పిలిచింది.

"అది గుడి గింజ కాదురా. గుడిదాన్ని మరుసటి పొద్దే చెట్టు కింద పెట్టేసి వస్తిని. డబ్బాలోది మన ఇంటి చింతపండుది."

"అది మొలుస్తుందని తెలియదా? నువ్వు ఓడిపోతావు కదవ్వా!"

"ఓడితే ఓడితిని. దేవుడి సొత్తు మన ఇంట్లో ఉండరాదు."

"మరి... నేను నోట్లో వేసుకున్నది?"

"చూస్తినే! దాని తొక్క నీ పెదవి మీదనే ఉండె." దగ్గు వచ్చేదాకా నవ్వింది. ఆ వారమే, కోరుకున్న చోటే, పోయింది.

ఇది న్యాయమేనా, మీరే చెప్పండి! అంత శ్రద్ధగా చేసిన పరీక్షను పాడు చేయవచ్చునా? పేరూరు గింజ మొలుస్తుందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఇప్పటికీ సోమవారాలు పోతూనే ఉన్నాను. గింజలు కాళ్ళకు తగులుతూనే ఉంటాయి. వంగితే నడుము పట్టేస్తుందని మా ఇంటావిడతో అంటాను. ఆ పందొమ్మిదేళ్ళవాడు వింటే మొహం మీదే నవ్వుతాడు. నవ్వనీ.