రాళ్ళ సందులో సుబ్బారాయుడు

నువ్వులూ బెల్లమూ కలిపి దంచిన చిమ్మిలి వాసన తగిలితే చాలు, దేశానికి ఈ పడమటి కొసన కానింగ్ వేల్‌లోని ఈ వంటింట్లో మిక్సీ ముందు నిలబడ్డ నేను సిడ్నీ శివార్లలో, ద పాండ్స్‌లోని మా చిన్ననాటి ఇంటి పెరట్లోకి వెళ్ళిపోతాను.

అక్కడ నాగుల చవితి అంటే ఎండలు ముదిరే రోజులు. పుట్ట ఎక్కడా దొరకదు కనక, అమ్మ కంచె పక్కన పేర్చిన రాళ్ళ సందునే పుట్ట అనుకుని, పసుపు చల్లి, పాలు పోసి, చిమ్మిలీ చలిమిడీ కోడిగుడ్డూ పెట్టి, వడపప్పు కోసం నోరూరుతూ నిలబడ్డ నాకు ముందు దండం పెట్టుకోమని మొట్టికాయ వేసేది. ఆ సందులో నిజంగానే ఒకటి కాపురం ఉండేది. నీలి నాలుక బల్లి! మూరెడు పొడుగు; పొట్టి కాళ్ళు గడ్డిలో కనబడక అచ్చం పాములానే ఉండేది. విషం లేదు, పాడూ లేదు. నత్తల్ని కరకరా నమిలి అమ్మ తోటకూర మడిని కాపాడేది. నాకు అదంటే ప్రాణం. నాన్నకు వణుకు. వాళ్ళ చిన్నాన్న పొలంలో పాము కాటుకు పోయాడట. "ఈసారి కనబడితే వదల్ను" అని పార దగ్గర పెట్టుకునేవాడు. నేను స్కూల్నుంచి రాగానే బ్యాగు విసిరేసి, అది బతికుందో లేదో చూసుకునేదాన్ని.

ఒక ఆదివారం మా తెలుగు బడికి, వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో నర్సుగా చేసే సుజాత ఆంటీ తన స్నేహితురాలు నషీపాయ్‌ని తీసుకొచ్చింది. ఆవిడ కెన్యాలో పశువులు మేపుకుని బతికే మసాయి తెగ మనిషి; తన వాళ్ళ మధ్య ఇల్లిల్లూ తిరిగి, సింహాల్ని చంపొద్దని నచ్చజెప్పిన మనిషి. పులిహోర వాసన నిండిన ఆ హాల్లో ఆవిడ బొమ్మలేవీ చూపించలేదు. ముందు ఎవరి ఆవు సింహం నోట పడిందో అడిగేవాళ్ళమనీ, వాళ్ళ కోపమంతా వినేదాకా నోరు విప్పేవాళ్ళం కాదనీ, ఆ తర్వాతే ఒక్కో సింహానికీ వాళ్ళ చేతే పేరు పెట్టించేవాళ్ళమనీ, ఒకప్పుడు ఈటె పట్టి వేటకెళ్ళిన తన తమ్ముడే ఇప్పుడు వాటికి కాపలా ఉంటున్నాడనీ చెప్పింది. ఆఖర్న, మీలో ఎవరికి ఏ జంతువంటే భయమని అడిగింది. ఆఫీసు సంగతులు తప్ప నలుగురిలో పెదవి విప్పని మా నాన్న అమ్మ పక్కనుంచి లేచి, చిన్నాన్న కథంతా చెప్పాడు.

ఆ వారమే గడ్డి కోస్తూ నాన్న గావుకేక పెట్టాడు. ఎదురుగా బల్లి, నోరు తెరిచి నీలి నాలుక చాపి. పార పైకి లేచింది.

"డాడ్, ప్లీజ్! హీ లివ్స్ హియర్!" అని నేను ఏడుపు లంకించుకున్నాను. అమ్మ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది.

"ఆగండి! మన సుబ్బారాయుణ్ణి కొడతారా?"

"సుబ్బారాయుడెవడే?"

"వాడే! ఇప్పుడే పేరు పెట్టాను."

నాన్న పార మెల్లగా కిందికి దించాడు. "పోరా సుబ్బారాయుడూ, పో" అన్నాడు.

ఆ తర్వాత వాడు మా ఇంటివాడే, ఎవరేమనుకున్నా సరే. పాలు వాడికి పడవని స్కూల్లో విన్నానంటే, ఆ మరుసటేడు అమ్మ పళ్ళెంలో మంచినీళ్ళు పెట్టి దండం పెట్టుకుంది.

ఇప్పుడు ఆ రాళ్ళు లేవు. ఆ చోట అద్దెకిచ్చే గ్రానీ ఫ్లాట్ అనే చిన్నిల్లు లేచింది, తోటకూర మడి మీద సిమెంటు పడింది, సుబ్బారాయుడు ఎటు పోయాడో తెలియదు. ఈ ఉదయం చిమ్మిలి ఉండలు చుడుతూ వీడియో కాల్లో అమ్మానాన్నల పూజ చూశాను. నాన్న గోత్రం చెప్పి ఇంటివాళ్ళ పేర్లు వరసగా చదివాడు: అమ్మ పేరు, నా పేరు, మా ఆయన పేరు. తర్వాత కిటికీలోంచి పెరటి వైపు తిరిగాడు.

"సుబ్బారాయుడు నామధేయస్య."